పక్కింటి పెద్దాయన పీపా

మన పత్రికలో ఆవకాయ గురించి వచ్చింది. ఈ చలిదేశంలో గోంగూరను కుండీలో ఎలా పెంచాలో వచ్చింది. పిల్లలకు తెలుగు నేర్పడంలో తల్లిదండ్రులు పడే అవస్థ గురించి అయితే ఏటా వస్తూనే ఉంది. స్కాచ్ విస్కీ గురించి మాత్రం ఎవరూ రాసిన జ్ఞాపకం లేదు. "స్కాట్లండులో కాపురం ఉండి విస్కీ మాట ఎత్తకపోవడం నెల్లూరులో ఉండి చేపల పులుసు మాట ఎత్తకపోవడం లాంటిది, మీరైనా రాయండి" అని సంపాదకులు అడిగితే అప్పట్లో నవ్వి ఊరుకున్నాం. ఆ విషయంలో రాయడానికి మా దగ్గర ఏమీ లేదు. కిందటి అక్టోబరులో ఒక సంగతి జరిగింది కనుక ఇప్పుడు రాస్తున్నాం.

మేము అంటే ఇద్దరం, భార్యాభర్తలం, ఇద్దరం డాక్టర్లం. చెప్పబోయే సంగతిలో మాలో ఒకరు విస్కీ తాగారు, రెండోవారు వాసన మాత్రం చూశారు. తాగిందెవరో, వాసన చూసిందెవరో ఇక్కడ రాయం. దీపావళి సభలో పక్కకు పిలిచి అడిగినా చెప్పం.

ఇందులో దాచుకోవలసినంత ఏముందని కొందరికి అనిపించవచ్చు. అందుకని మా రెండు ఇళ్ళ సంగతీ ముందు చెప్పాలి.

మాలో ఒకరిది నెల్లూరు జిల్లా పల్లె. 1992లో ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో చదువుకునే వయోజనుల వాచకంలో ఆ సంగతి పాఠంగా వచ్చేసరికి ఊరూరా ఆడవాళ్ళు లేచారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఆ రెండోది సడలిపోయింది. చరిత్ర పుస్తకాలలో ఉన్నది ఇంతే. మా ఇంటి చరిత్రలో ఉన్నది ఏమిటంటే, మూడేళ్ళ బిడ్డను చంకన వేసుకుని ఒక అమ్మ సారా కొట్టు ముందు నాలుగు రోజులు కూర్చున్నది. లోపల తాగుతున్నవాళ్ళలో బిడ్డ తండ్రి కూడా ఉన్నాడు. ఆయన మానేశారు. ఆ మానడం వల్ల మిగిలిన డబ్బుతోనే ఆ బిడ్డ చదివి డాక్టరయ్యింది. ఆ అమ్మ ఇప్పుడు మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. మేము ఈ దేశానికి బయలుదేరిన రోజున ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకే మాట అడిగింది. "తాగేవాళ్ళ మధ్య కూర్చోవలసి వస్తే కూర్చోండి. గ్లాసు మాత్రం ముట్టకండి." ఇద్దరం సరేనన్నాం.

రెండో ఇల్లు నల్గొండ జిల్లాలోది. అక్కడ తాత పొద్దున్నే తాటివనానికి వెళ్ళి కల్లు తాగి వచ్చేవాడు, దాన్ని ఎవరూ తప్పుగా చూడలేదు. బోనాలకు అమ్మవారికి సాక పోసేది కల్లుతోనే. ఆ ఇంట పెరిగినవారికి మద్యమంటే భయం లేదు, గౌరవం కూడా లేదు, అదీ ఒక పానీయం, అంతే. అయితే డాక్టరీ చదివే రోజుల్లో, మత్తుబిళ్ళల పొడి కలిపిన కల్లుకు అలవాటుపడి అది దొరకని రోజున ఫిట్సు వచ్చి ఆసుపత్రిలో చేరినవాళ్ళను చూశాక ఆ ఇంటి నిశ్చింత కూడా కొంత పోయింది.

ఇక ఇక్కడి ఉద్యోగంలో చూస్తున్నది సరేసరి. పసుపు పచ్చని కళ్ళు, నీరు పట్టిన పొట్ట, సన్నగా పుల్లల్లా అయిపోయిన చేతులు. వారంలో ఒక రోజు పొద్దుటి పూట మా పని సూదితో ఆ నీరు తీయడమే. ఇరవయ్యేళ్ళ స్కాచ్ తాగి వచ్చినవాళ్ళూ, అంగట్లో దొరికే అతి చవక సైడరు తాగి వచ్చినవాళ్ళూ ఒకే వార్డులో పడుకుంటారు. కాలేయానికి సీసా మీది చీటీ చదవడం రాదు. కనుక ఈ ఆరేళ్ళలో ఎన్ని విందుల్లో ఎందరు బలవంతపెట్టినా నారింజ రసమే పుచ్చుకున్నాం.

మేమున్నది స్పే నది పరిసరాలలో ఒక చిన్న ఊరు. స్కాట్లండులోని విస్కీ బట్టీలలో చాలా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. వచ్చిన కొత్తలో ఊరి చివర గిడ్డంగుల గోడలూ, వాటి పక్క చెట్ల మొదళ్ళూ నల్లగా మసిపట్టినట్టు ఉంటే ఏదో అగ్నిప్రమాదం జరిగిందనుకున్నాం. పక్కింటి పెద్దాయనను అడిగితే పడీపడీ నవ్వాడు. అది మసి కాదట, బూజు. లోపల పీపాలలో ఉన్న విస్కీ ఏడాది పొడుగునా కొంచెం కొంచెం ఆవిరవుతూ గోడల సందుల్లోంచి బయటికి వస్తుంది. ఆ ఆవిరిని తిని బతికే బూజు అది. పోయిన ఆ భాగానికి ఇక్కడివాళ్ళు 'దేవదూతల వాటా' అని పేరు పెట్టుకున్నారు. ఏటికి సుమారు రెండు శాతం. దేవుళ్ళకు పోను మిగిలింది మనకు అన్నమాట. ఆ లెక్క మన ఇళ్ళలో నైవేద్యానికీ ఉంది కనుక మాకు వెంటనే అర్థమయింది.

ఈ పెద్దాయన నలభై ఏళ్ళకు పైగా పీపాలు చేసే పని చేశాడు. నాలుగేళ్ళు గురువు దగ్గర నేర్చుకుంటేగాని ఆ పనిలో నిలదొక్కుకోలేరట. మేకు ఉండదు, జిగురు ఉండదు. వంచిన ఓక్ చెక్కలను ఒకదాని పక్కన ఒకటి నిలిపి ఇనుప పట్టాలు బిగిస్తే చుక్క కారకుండా నిలవాలి. సందు అనుమానంగా ఉన్నచోట ఎండబెట్టిన తుంగ పెడతారు. మన వడ్రంగులకు బండిచక్రం ఎలాగో వీళ్ళకు పీపా అలాగ. ఆయన చేతివేళ్ళు ఇప్పటికీ పూర్తిగా చాపుకోవు. ఆ చేతులతోనే మా వాకిట్లో మంచు ఊడ్చిపెట్టేవాడు. మేము రాత్రి డ్యూటీకి పోతే మా అబ్బాయిని బడి నుంచి తీసుకువచ్చేవాడు. పండక్కి మేము పంపిన అరిసెలు తిని, "ఇది మీ దేశపు ఓట్ కేకా?" అని అడిగాడు.

మూడేళ్ళ కిందట ఆయన కాలేయం దెబ్బతిన్నది. ఆయన వైద్యులు మేము కాము, అయినా సలహా మాది కూడా అదే, చుక్క ముట్టవద్దని. ఆయన ముట్టలేదు. ఈ ఊళ్ళో ఆ వృత్తిలో బతికిన మనిషికి అది ఎంత కష్టమో దగ్గరుండి చూశాం. తోటివాళ్ళు కూర్చునే చోటికి పోవడం మానేశాడు. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి అల్లం టీ తాగి వెళ్ళేవాడు.

కిందటి అక్టోబరులో ఒక శనివారం ఆయన కాగితపు సంచీలో ఒక సీసా పట్టుకుని వచ్చాడు. సీల్ తీయలేదు. "ఇది మీరు రుచి చూసి నాకు చెప్పాలి" అన్నాడు.

ఆ సీసా ఏమిటో ఆయన చెప్పిన ప్రకారం రాస్తాం. మనవాళ్ళలో చాలామంది 'సింగిల్ మాల్ట్' అనే మాట విన్నారు. మొలకెత్తించిన బార్లీ, నీళ్ళు, ఈస్టు తప్ప వేరే ముడిసరుకు లేకుండా, ఒకే చోట రాగి బట్టీలలో రెండుసార్లో మూడుసార్లో కాచి తీసినది సింగిల్ మాల్ట్. అయితే ఆ బట్టీవాళ్ళు తమ వందల పీపాలలోని సరుకు కలిపి, ప్రతిసారీ ఒకే రుచి వచ్చేట్టు చూసుకుని, నీళ్ళు కలిపి సీసాలకు ఎత్తుతారు. 'సింగిల్ కాస్క్' అలాంటిది కాదు. ఒకే ఒక్క పీపా విప్పి, దాన్ని మరో పీపాతో కలపకుండా సీసాలకు పోస్తారు. ఆ పీపా అయిపోతే ఆ రుచి ప్రపంచంలో మరెక్కడా లేదు. అందుకే చీటీ మీద పీపా నంబరు, నింపిన సంవత్సరం, సీసాలకు ఎత్తిన సంవత్సరం, మొత్తం ఎన్ని సీసాలో అన్నీ వేస్తారు.

ఈ సీసా మీద 1989లో నింపి 2020లో సీసాకు ఎత్తినట్టు ఉంది. వయసు ముప్పయ్యొక్కేళ్ళు. పీపా హాగ్స్‌హెడ్, అంటే సుమారు 250 లీటర్లది. సీసాలు 174. ఒక్కో సీసా 70 సెంటీలీటర్లు కనుక అంతా కలిపినా 122 లీటర్లకు మించదు. తక్కినదంతా ఆ గోడల మీది నల్లబూజుకు పోయిందన్నమాట. ముప్పయ్యొక్కేళ్ళలో సగానికి పైగా పోయింది. ఘాటు 46.8 శాతం. ఇక్కడి గిడ్డంగులు చల్లగా, తేమగా ఉంటాయి కనుక ఏళ్ళు గడిచేకొద్దీ సారం తగ్గుతూ వస్తుంది. నలభై శాతం కంటే దిగితే చట్టప్రకారం దాన్ని స్కాచ్ అనకూడదు. కనుక పీపాను మరీ ఎక్కువ ఏళ్ళు ఉంచడం కూడా ప్రమాదమే. అలాగని తొందరపడడానికీ వీల్లేదు, కనీసం మూడేళ్ళు ఓక్ పీపాలో ఉండి తీరాలి. ఆ మూడేళ్ళ నియమం మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వచ్చింది. 1915లో చట్టం చేసి ముందు రెండేళ్ళన్నారు, మరుసటి ఏడు మూడు చేశారు. కార్మికులు కొత్తసారా తాగి పని పాడు చేస్తున్నారన్న గొడవలో పుట్టిన చట్టం అది. తాగుడు తగ్గించాలని పెట్టిన నియమమే తరవాత దీని గొప్పతనంగా మారింది.

ఇంకో మాట. మాగాయ జాడీలో ఊరుతుంది, విస్కీ సీసాలో ఊరదు. కాలంతో వచ్చే గుణమంతా కర్రలో ఉండగానే. సీసాలో పోశాక నూరేళ్ళు ఉంచినా వయసు ముప్పయ్యొక్కటే. బట్టీలోంచి వచ్చినప్పుడు అది నీళ్ళలా తెల్లగా ఉంటుంది, రంగంతా కర్రే ఇస్తుంది. ఆ కర్ర కూడా కొత్తది కాదు. అమెరికాలో బోర్బన్ అనే విస్కీని కొత్త పీపాలోనే నింపాలని అక్కడి చట్టం. లోపలి భాగం మంటతో బొగ్గులా కాల్చిన ఆ పీపాలు వాళ్ళకు ఒక్కసారికే పనికివస్తాయి. వాడినవాటిని విప్పి, చెక్కలు కట్టలు కట్టి ఓడల్లో ఇక్కడికి పంపేవారు. 200 లీటర్ల ఆ పీపాల చెక్కలకు మరికొన్ని చేర్చి 250 లీటర్ల హాగ్స్‌హెడ్‌లు కట్టడం మన పెద్దాయన పని.

"1989లో ఆ గిడ్డంగికి పీపాలు పోయింది మా దుకాణం నుంచే. ఇది నేను కట్టినదేనని ప్రమాణం చేయలేను. మేము పదిమందిమి ఉండేవాళ్ళం. కాదని చెప్పేవాళ్ళెవరూ లేరు కనుక నాదే అనుకుంటున్నాను" అన్నాడు. సీసా బయటికి వచ్చిన ఏడాది పింఛను డబ్బు కూడబెట్టి కొన్నాడట. తీరుబడిగా తెరుద్దామనుకునేలోపల జబ్బు బయటపడింది.

"మీ స్నేహితులు ఇంతమంది ఉండగా మమ్మల్ని అడగడమేమిటి? మాకు దీని ఓనమాలు కూడా తెలియవు" అన్నాం.

"అందుకే. వాళ్ళు నా మొహం చూసి బ్రహ్మాండంగా ఉందంటారు. మీరు డాక్టర్లు. చెడు సంగతి కూడా మనిషి మొహం మీద చెప్పడం మీకు అలవాటు. నాకు సరుకు సంగతి అక్కర్లేదు. కర్ర సంగతి చెప్పండి. కర్ర సరుకును నిలబెట్టిందా, మింగేసిందా? అది చాలు."

ఆలోచించుకుని చెబుతామని ఆయనను పంపించి, ఆ రాత్రి ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఒకరన్నారు, అమ్మకు మాట ఇచ్చాం, ఒక్క చెంచా అయినా మాట మాటే అని. ఇంకొకరన్నారు, అమ్మ అడ్డుకున్నది ఇంటిని కూల్చే తాగుడును, ఒక ముసలివాడి పనితనాన్ని కాదు అని. ఒకరు వైద్యశాస్త్రం తెచ్చారు. మద్యం కేన్సరు కారకమని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది, ఎంత తక్కువైనా పూర్తిగా క్షేమమని చెప్పదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇంకొకరు ఈ దేశపు లెక్క తెచ్చారు. వారానికి పద్నాలుగు యూనిట్లు మించవద్దని 2016 నుంచి ఇక్కడి సలహా, యూనిట్ అంటే పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు, ఈ సీసాలోంచి ఇరవై మిల్లీలీటర్లు తీసుకుంటే ఒక యూనిట్ కూడా కాదు. వాదన ముదిరి చివరికి ఒకరు 1505వ సంవత్సరాన్ని కూడా లాక్కువచ్చారు. ఆ ఏడు ఎడింబరో క్షురకులు, శస్త్రవైద్యుల సంఘానికి ఇచ్చిన హక్కుల్లో ఆ నగరంలో ఈ సారం కాచి అమ్మే హక్కు కూడా ఉంది. ఆ సంఘమే తరవాత రాయల్ కాలేజీ ఆఫ్ సర్జన్స్ అయింది. "కనుక ఇది మన వృత్తిధర్మమే" అన్నారు ఆ ఒకరు. రెండోవారు దిండు విసిరారు.

తెల్లారేసరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఒకరు తాగుతారు, ఒకరు వాసన చూస్తారు. ఇద్దరూ కలిసి జవాబు చెబుతారు. జరిగిన సంగతి అమ్మకు ఆ వారమే ఫోనులో చెబుతారు. ఇంకో షరతు పెద్దాయన విషయంలో. ఆయన ఎదుట సీసా తెరవడం ఆయనకు మంచిదా? మానినవాళ్ళకు వాసన చాలు, మళ్ళీ దారి తప్పడానికి. ఆ మాట ఆయనతోనే అన్నాం. "నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. మీ అల్లం టీ ఇవ్వండి. భరించలేకపోతే లేచి ఇంటికి పోతాను" అన్నాడు.

మరుసటి శనివారం సాయంత్రం వాన పడుతోంది. ఆయన చెప్పినట్టే కింద బొజ్జగా, పైన సన్నగా ఉన్న చిన్న గాజుగ్లాసులు రెండు పెట్టాం. మందుల గ్లాసుతో కొలిచి ఇరవై మిల్లీలీటర్ల చొప్పున పోశాం. రంగు పాత నెయ్యిలా ఉంది. ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీపు మా వైపు పెట్టి, వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ముక్కు గ్లాసులో దూర్చకండి. దూరంగా పట్టుకుని నోరు కొంచెం తెరిచి పీల్చండి. ఏమొచ్చింది?"

"ఇంజక్షన్ ఇచ్చే ముందు తుడిచే దూది" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"మంచిది. పది నిమిషాలు వదిలేయండి. ముప్పయ్యేళ్ళు మూసి ఉంచినదాన్ని తలుపు తీయగానే పాడమంటే పాడుతుందా?"

పది నిమిషాలయ్యాక ఆ దూది వాసన వెనక్కు తగ్గింది. దాని వెనకాల ఇంకేదో ఉంది. మాకు మాట దొరకలేదు. ఇంగ్లీషులో అసలు దొరకలేదు. సీసాతో వచ్చిన కాగితంలో ఏవో పళ్ళ పేర్లూ, కేకుల పేర్లూ ఉన్నాయి, వాటిలో సగం మేము ఎన్నడూ తిననివి. చివరికి ఒకరు తెలుగులో, "భోషాణం" అన్నారు. రెండోవారు, "అవును, అమ్మమ్మ భోషాణం" అన్నారు. ఆయన వెనక్కు తిరక్కుండానే అదేమిటని అడిగాడు. పాత కర్రపెట్టె, అందులో పట్టుచీరలు, కర్పూరపు బిళ్ళలు, ఏడాదికోసారి మూత తీస్తే వచ్చే వాసన అని చెప్పాం. ఆయన బుర్ర ఊపాడు. "కానివ్వండి."

తరవాత తాటిబెల్లం వచ్చింది. పాకం పట్టేటప్పటిది కాదు, కాగితంలో చుట్టి అటక మీద పెట్టినది. తరవాత నేతిలో వేయించిన ఎండుకొబ్బరి. కొబ్బరి అనగానే ఆయన టక్కున, "అమెరికా ఓక్. తెల్ల ఓక్. అది నాదే" అన్నాడు. ఓక్ కర్రలోని ఒక పదార్థం అచ్చం కొబ్బరిలాగే వాసన వేస్తుందట. కర్రను కాల్చినప్పుడు వెనిల్లా వాసన పుడుతుంది, మనం ఐస్‌క్రీములో తినేదే. తొక్క నల్లబడిన చక్రకేళి వాసన కూడా లీలగా వచ్చింది. అది కర్రది కాదు, బట్టీది అన్నాడు.

ఇక తాగవలసినవారు తాగారు. ఒక్క చెంచాడు, నాలుక మీద కాసేపు నిలిపి. మొదట నిప్పు. తరవాత తీపి, ఖర్జూరపు తీపి. తరవాత మిరియాలు. ఆ తరవాత చివర్న నోరంతా ఒక రకంగా పట్టేసింది, చిగుళ్ళు లోపలికి లాక్కున్నట్టు. "వగరు" అన్నారు ఆ ఒకరు.

ఆ మాటకు ఇంగ్లీషు చెప్పడానికి మేము పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. చేదు కాదు, పులుపు కాదు. నేరేడుపండు తిన్నాక నాలుక గరుకెక్కడం, పచ్చి వక్క నమిలితే దవడలు బిగుసుకోవడం, లేత అరటికాయ కొరికితే పళ్ళకు అంటుకునే బంక అని చెబుతూ పోయాం. మా దేశంలో కొత్త సంవత్సరం నాడు ఆరు రుచులు కలిపి తింటామనీ, అందులో ఇది ఒకటనీ, మామిడిపిందె నుంచి వస్తుందనీ, ఇది లేకపోతే ఆ పచ్చడి పచ్చడే కాదనీ చెప్పాం. డాక్టరు భాషలో చెప్పాలంటే టానిన్. కర్రలో ఉంటుంది, టీ ఎక్కువ మరిగిస్తే వచ్చేదీ అదే. ఆయన చేతిలోని మా టీ ఒక గుటక వేసి, నాలుక అంగిలికి ఆనించి, "ఇదా?" అన్నాడు. "అదే" అన్నాం.

అప్పుడు ఆయన కుర్చీ మా వైపు తిప్పాడు. "ఎంత ఉంది? ఉండవలసినంతా, ఎక్కువా?"

ఆయన అడిగిన ప్రశ్న అదే. ముప్పయ్యొక్కేళ్ళలో కర్ర సరుకును నిలబెట్టిందా, మింగేసిందా అని. జవాబు మా దగ్గర ఉంది. చెప్పాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. రోగి గదిలోకి వెళ్ళే ముందు తలుపు దగ్గర అలాగే చూసుకుంటాం. రెండు చుక్కలు నీళ్ళు వేసి మళ్ళీ రుచి చూడమన్నాడు. నీళ్ళు కలిస్తే వాసనలిచ్చే పదార్థాలు కొన్ని పైకి తేలుతాయని 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కంప్యూటరు లెక్కలు వేసి చూపించారు. ఇక్కడివాళ్ళకు అది ఎప్పటినుంచో తెలుసు. నీళ్ళు పడ్డాక తీపి పెరిగింది, కొబ్బరి పెరిగింది. చివరి వగరు మాత్రం అలాగే ఉంది.

"కొంచెం ఎక్కువ" అని చెప్పాం. "మొదలంతా చాలా బాగుంది. మధ్య ఇంకా బాగుంది. చివర్న కర్ర పైచేయి అయింది. కొన్నేళ్ళు ముందు తీసి ఉండవలసింది అనిపిస్తోంది."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. మాకు గుండె ఝల్లుమన్నది. తరవాత తొడ చరిచి, "అయిదేళ్ళు" అన్నాడు. "అయిదేళ్ళు ఆలస్యం చేశారు. చీటీ మీద ముప్పై అనే అంకె కోసం ఆశపడ్డారు. కర్రది కాదు తప్పు. కర్ర చివరిదాకా పనిచేస్తూనే ఉంది, ఆపమని దానికి ఎవరూ చెప్పలేదు." అని ఎంతో తృప్తిగా టీ తాగేశాడు.

మాకు అంతవరకు వయసు పెరిగేకొద్దీ ఇది మంచిదవుతుందనే అభిప్రాయం ఉండేది, ధర కూడా అలాగే పెరుగుతుంది కనుక. ఆయన చెప్పేదాన్ని బట్టి చూస్తే ప్రతి పీపాకూ ఒక సమయం ఉంటుంది. అది ముందు రావచ్చు, వెనక రావచ్చు. దాన్ని కనిపెట్టి తీసేవాడు కావాలి, అంకె చూసి తీసేవాడు కాదు. ఈ మాట మా వృత్తికీ పనికివస్తుంది గాని, ఇక్కడ ఉపన్యాసం ఇవ్వదలచుకోలేదు.

వెళ్ళేటప్పుడు ఆయన, "గ్లాసులు కడగకండి. పొద్దున దాకా అలాగే వదిలేయండి" అన్నాడు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే వచ్చాడు. రాత్రి అడుగున మిగిలిన తడి ఆరిపోయింది, పల్చటి మరక మాత్రం మిగిలింది. ముందు మేము వాసన చూశాం. ఘాటు లేదు. ఆల్కహాలు రాత్రికి రాత్రే పోయింది. ఉన్నది ఒక్క కర్ర వాసన. వడ్రంగి కొట్టంలో ఉలి పెట్టి తీసిన చెక్కపేళ్ళ వాసన, దాని మీద కాస్త తేనె. ఇస్తే ఏమవుతుందో అని ఇద్దరం ఒక్క క్షణం తటపటాయించాం. డాక్టర్లుగా ఇవ్వవచ్చునా అంటే ఇప్పటికీ ఒకరం అవునంటాం, ఒకరం కాదంటాం. ఆయన చేయి చాపాడు. ఇచ్చాం.

వంకర వేళ్ళ మధ్య ఆ గ్లాసు పట్టుకుని కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండిపోయాడు. తరవాత బల్ల మీద పెట్టేసి, "మా దుకాణం" అన్నాడు. ఇంకేమీ అనలేదు. మేమూ అడగలేదు. మా అబ్బాయి వచ్చి చెయ్యి పట్టుకుని చదరంగానికి లాక్కుపోయాడు.

మిగిలిన సీసా ఆయన కూతురు తీసుకువెళ్ళి, ఆయనతో పనిచేసినవాళ్ళకు తలా కాస్త పంచిపెట్టింది. ఆయన ఇప్పటికీ చుక్క ముట్టలేదు. మేమూ మళ్ళీ ముట్టలేదు. అది మా గొప్ప ఏమీ కాదు, ఆ అవసరం రాలేదు అంతే. చవక మద్యం ధర పెంచితే వార్డులో మంచాలు కొన్నయినా ఖాళీ అవుతాయని స్కాట్లండు ప్రభుత్వం 2018 నుంచి యూనిట్‌కు కనీస ధర పెట్టింది, 2024లో దాన్ని 65 పెన్నీలు చేసింది. మేము దానికి సమర్థకులమే, ఈ సీసా సంగతి రాశామని ఆ మాట మారదు. మంచి పనితనం అన్న కారణంతో ఎవరూ మొదలు పెట్టనక్కరలేదు. ఈ వ్యాసం చదివి సీసా కొన్నామని ఎవరైనా చెబితే మాత్రం నొచ్చుకుంటాం.

అనుకున్నట్టే ఆ ఆదివారం సాయంత్రం నెల్లూరుకు ఫోను చేశాం. జరిగిందంతా మొదటినుంచి చివరిదాకా చెప్పాం. అమ్మ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. ఫోను తెగిపోయిందేమోనని రెండుసార్లు "అమ్మా" అని పిలవవలసి వచ్చింది.

చివరికి అడిగింది. "ఆ పెద్దాయన మళ్ళీ తాగలేదు కదా?"

"లేదమ్మా."

"సీసా ఎదురుగా పెట్టుకుని కూడా తాగలేదా?"

"లేదు. టీ తాగాడు."

"అయితే గట్టివాడే. మీ నాన్నకు మూడు నెలలు పట్టింది, కొట్టు ముందునుంచి తల తిప్పుకుని పోవడానికి." కాసేపు ఆగి, "ఇంతకీ మీ ఇద్దరిలో తాగిందెవరు?" అన్నది.

ఆవిడకు మాత్రం నిజం చెప్పాం.